మెట్టసీమలో వృక్షపోషణము

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, చింతపల్లి, వేములపల్లి అను ఊళ్ళు కలవు. సూర్యాపేట చెంత పిల్లలమర్రి కలదు. ఈ పేరులు పెట్టిన పెద్దలెవ్వరో నేడెవ్వరును ఎఱుగరు. కాని ఊరికి గురుతుగా వారు కోటను గాని దొరను గాని చెప్పక చెట్టును చెప్పిరి. బాటసారి ఆ నీడను జూచి ఆగెననియు, ఆగినచోట బావి త్రవ్వబడెననియు, బావి చుట్టును ఇండ్లు లేచెననియు ఊహించుట కష్టము కాదు. మెట్టసీమలో చెట్టు ఊరికి తోబుట్టువు. ఆ చెట్టును ఎవరు పెంచిరి, ఎట్లు పెంచిరి, ఎక్కడ ఓడిరి అనునది ప్రతి గ్రామమును తెలిసికొనదగిన చరిత్ర.

2016 అక్టోబరులో నల్లగొండ, మహబూబునగరు జిల్లాలు పలు జిల్లాలుగా విభజింపబడినను, నేల స్వభావము మాత్రము ఒక్కటియే. కృష్ణానది ఈ సీమ నొరసి పాఱుచున్నను, నేల మెరకను, నీరు పల్లమునను ఉన్నవి. ఎఱ్ఱని చెలకలు, దుబ్బనేలలు, నడుమ నడుమ రాతిగుట్టలు. ఏటికి సగటున 600 మొదలు 750 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. అందును అధికభాగము నాలుగు నెలలలోనే కురిసి వెడలిపోవును. తక్కిన ఎనిమిది నెలలు లేతమొక్క మనుష్యుని చేతినీటి మీదనే బ్రతుకవలెను. ఈ ఎనిమిది నెలల లెక్కయే ఇచటి వృక్షపోషణ చరిత్రకు మూలము.

పూర్వులు ఈ కష్టమును చెరువుతో గెలిచిరి. నల్లగొండ ప్రక్కనున్న పానగల్లులో కందూరు చోడుల కాలమునాటి ఉదయసముద్రము నేటికిని నిలిచియున్నది. పిల్లలమర్రిలో కాకతీయుల సామంతులైన రేచెర్ల రెడ్లు గుడులు కట్టించి, చెరువులు త్రవ్వించిరి. చెరువు నిండిన యేడు కట్టక్రింది బావులలో నీరూరును. నీరూరినచోట చెట్టు నిలుచును. కట్టవెంట ఈతయు తాడియు, వాగుగట్టున కానుగయు నేరేడును, చెలకగట్టున వేపయు, ఊరిపొలిమేరలో చింతయు పెరిగెను. వీనిలో తాడిచెట్టు కథ గమనింపదగినది. ఏ చెట్టును ఎవరు గీయవలెనో ఊరిలో నిర్ణయమై యుండెడిది. గీత కార్మికుని కూడు ఆ చెట్టుమీదనే యుండుటచే, చెట్టుకు తెగులు తగిలినను, నిప్పు సోకినను మొదట పరుగెత్తువాడు అతడే. చెట్టుకు దిక్కైన మనిషి యున్నచో చెట్టు బ్రతుకునని ఊరివారికి ఎవ్వరును బోధింప నక్కరలేకపోయెను.

కల్లు గీయని చెట్లకు దిక్కెవ్వరు? ఈ పనిని పండుగలు చేసినవి. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలగు బతుకమ్మకు తంగేడును గునుగును కావలెను. ఆడపడుచులు గుట్టలకును చెలకలకును పోయి పూలు తెచ్చి, తొమ్మిది దినములాడి, చెరువులో ఓలలాడింతురు. పూలు దొరకని యేడు ఏ గుట్ట బోడియైనదో ముందుగా స్త్రీలకే తెలియును. దసరానాడు ఊరంతయు జమ్మిచెట్టు కడకు నడచి, ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి ఆలింగనము చేసికొందురు. కాబట్టి ఊరికొక జమ్మి యుండి తీరవలెను. కార్తికమున వనభోజనములకు ఉసిరిక నీడ కావలెను. రచ్చబండ కడ రావికిని వేపకును పెండ్లి చేసి గద్దె కట్టిరి. ఈ వేడుకలలో ఏదియు చెట్లు నాటు పండుగ కాదు. కాని ప్రతి వేడుకయు ఊరిజనమును ఏటేట ఒక చెట్టు కడకు తీసికొనిపోయి, అది ఉన్నదా లేదా అని చూపించెను. 2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిమ్మట బతుకమ్మ రాష్ట్ర పండుగయు, తంగేడు రాష్ట్ర పుష్పమును, జమ్మి రాష్ట్ర వృక్షమును అగుటకు ఈ పాత బాంధవ్యమే కారణము.

మొక్క నాటుటయే ప్రత్యేకమైన ఉత్సవముగా 1950లో వచ్చెను. ఆ యేడు కేంద్రమున ఆహార వ్యవసాయ మంత్రిగా నుండిన కన్నయ్యలాల్ మాణిక్‌లాల్ మున్షీ జూలై మొదటి వారమున వనమహోత్సవమును దేశమంతట ప్రారంభించెను. హైదరాబాదు సంస్థానము భారతదేశములో కలిసి అప్పటికి రెండేండ్లు కూడ నిండలేదు. నాటినుండి వానకాలము రాగానే పాఠశాలలలోను కచేరీలలోను మొక్క నాటుట ఆచారమయ్యెను. ఉద్దేశము గొప్పది. కాని బావికి దూరముగా, కంచె లేక నాటిన మొక్క మాఘమాసము నాటికి మేకలపాలో ఎండపాలో అయ్యెడిది. మరుసటి యేడు ఆ గుంటలోనే మరియొక మొక్క దిగెడిది. 1976లో జాతీయ వ్యవసాయ సంఘము, వంటచెఱకును పశువుల మేతయు ఊరి భూములలోనే పండవలెనని సామాజిక వనముల పద్ధతిని సూచించెను. దానివలన బాటలవెంటను బంజరులలోను చెట్లు పెరిగినవి. అయినను అవి ఊరివారివా, సర్కారువా అను సందేహము చాలచోట్ల తీరలేదు. తనదో కాదో తెలియని చెట్టుకు ఎవ్వరును బిందె మోయరు.

మొక్కలు చచ్చుటకు పాలమూరు సీమలో మరియొక కారణము కలదు. దానిని సోమరితన మనుట అన్యాయము. దేశమందలి ఆనకట్టలు, కాలువలు, రహదారులు కట్టినవారిలో ‘పాలమూరు లేబరు’ పేరు వినని చోటు అరుదు. పంట యింటికి చేరిన పిమ్మట యువతీయువకులు ఇంటికి తాళము వేసి, ముసలివారిని వాకిట కూర్చుండబెట్టి, పని వెదకికొనుచు పోయెడివారు. మృగశిర కార్తె నాటికి విత్తుటకు మరలివచ్చెడివారు. మొక్క నాటునది ఆషాఢ శ్రావణములలో. అప్పుడు ఊరినిండ జనము. మొక్కకు నీరు కావలసినది ఫాల్గుణము మొదలు వైశాఖము వరకు. అప్పుడు ఊరిలో వృద్ధులును పిల్లలును మాత్రమే. ఇతరుల పొలములకు కాలువలు త్రవ్విన చేతులు సొంతవాకిటి వేపకు చెంబెడు నీరు పోయలేకపోయినవి. ఇటీవలి సంవత్సరములలో కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల నీరు చేరిన పల్లెలలో వలస తగ్గినది. ఊరిలో మనిషి నిలిచినచో చెట్టు నిలుచుటకు దారి యేర్పడును.

నల్లగొండ కష్టము వేరు. సాగరు ఎడమకాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగరు వైపు పల్లములను పచ్చజేసినది. మెరకనున్న మునుగోడు, దేవరకొండ ప్రాంతములు బోరుబావులనే నమ్ముకొనవలసివచ్చెను. ఆ నీటిలోని ఫ్లోరైడు వలన పండ్లు గారపట్టి, ఎముకలు వంగి, యౌవనములోనే ముదిమి పొందినవా రనేకులు. ఈ బాధను దేశమునకు తెలుపుటకై 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానమునకు 480 మంది అభ్యర్థులు నిలిచిరి. బ్యాలెట్టు కాగితము పుస్తకమంత అయ్యెను. ఈ ఉద్యమమును నడిపిన జలసాధన సమితికి నాయకుడు దుశ్చర్ల సత్యనారాయణ.

బ్యాంకు ఉద్యోగమును వదలుకొని నీటికొరకు పోరాడిన ఆయనయే, పూర్వపు నల్లగొండ జిల్లాలోని మోతె మండలము రాఘవాపురమున, తన పిత్రార్జితమైన సుమారు 70 ఎకరములను అడవిగా పెంచెను. అది ఒకనాటి ఉత్సవముతో లేచిన వనము కాదు, దశాబ్దముల కాపు. వాననీరు నిలుచుటకు కుంటలు త్రవ్వించి, ఈ నేలకు అలవాటైన చెట్లను పెరుగనిచ్చి, నరకువారిని రానీయక కాచినందున అచట పక్షులును మృగములును చేరినవి. నల్లగొండ ఎండలో అడవి పుట్టదు అనువారికి రాఘవాపురము సమాధానము. కాని అందొక హెచ్చరికయు కలదు. ఒక్క మనిషి జీవితమంత వెచ్చించి చేసిన పనిని, ఊరు కలిసినచో నూరిండ్లు తలకొక కొంచెముగా పంచుకొనవచ్చును.

పెరిగిన చెట్టుకు పొరుగువారి అక్కర తీరునని తలచుటయు పొరపాటే. మహబూబునగరు పట్టణమునకు సమీపముననున్న పిల్లలమర్రి సుమారు 700 ఏండ్ల వృక్షమనియు, దాదాపు మూడెకరములు క్రమ్ముకొన్నదనియు ప్రసిద్ధి. చూడవచ్చినవారు కొమ్మల నెక్కి ఊగిరి. చుట్టును నేల త్రొక్కుడుపడి గట్టిపడెను. ఊడలు మట్టికి దిగు దారి మూసికొనిపోయెను. చెదలు లోపల తొలిచెను. 2017 డిసెంబరులో పెద్దకొమ్మ కూలగా సందర్శకులను ఆపివేసిరి. 2018లో రోగికి సెలైను ఎక్కించినట్లు సీసాలలో మందునీరు నింపి మ్రానులోనికి ఎక్కించిరి. వాలిన కొమ్మలకు స్తంభములు కట్టిరి. ఊడలను గొట్టములగుండ మట్టిలోనికి దింపిరి. ఏడువందల ఏండ్ల మ్రానుకును కావలి కావలసివచ్చెను. వృక్షము ముదిరినకొలది మనిషి బాధ్యత తీరదు, రూపము మారును.

2015 జూలై 3న రాష్ట్ర ప్రభుత్వము ‘తెలంగాణకు హరితహారము’ను చిలుకూరున ప్రారంభించెను. రాష్ట్రవిస్తీర్ణమున 24 శాతముగానున్న పచ్చదనమును 33 శాతమునకు పెంచుట దాని ఆశయము. నాటవలసిన మొక్కలు 230 కోట్లు. 2016లో రెండవ విడత నల్లగొండ జిల్లా చిట్యాల మండలము గుండ్రాంపల్లిలో మొదలయ్యెను. ఊరూర నర్సరీలు వెలసినవి. 2021లో మహబూబునగరు జిల్లా మహిళా సంఘముల సభ్యులు మట్టిలో విత్తనములు పొదిగి, పది దినములలో రెండు కోట్లకు పైగా విత్తన బంతులు చేసిరి. వానితో కూర్చిన వాక్యము గిన్నిస్ పుస్తకమున కెక్కెను. వేలకొలది స్త్రీలు ఒక్కచోట చేరి చేసిన ఆ పని కొనియాడదగినదే. అయినను గుట్టమీద విసరిన బంతులలో ఎన్ని మొలచినవి, మొలచిన వానిలో ఎన్ని రెండవ వేసవిని దాటినవి అనునదియే అసలు లెక్క.

ఆ లెక్కను చట్టమే అడుగుట 2018లో జరిగినది. ఆ యేటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము, నాటిన మొక్కలలో 85 శాతమైనను బ్రతుకవలెనని శాసించి, బాధ్యతను సర్పంచిపైనను కార్యదర్శిపైనను ఉంచెను. 2019లో మొదలైన పల్లెప్రగతితో గ్రామపంచాయతీలకు ట్రాక్టర్లును నీటి ట్యాంకర్లును వచ్చినవి. ఉపాధిహామీ పథకము క్రింద నీరుపోయువారికి కూలి దొరకెను. 1950లో లేని వసతులివి. నాటుటను లెక్కించు కాలము పోయి, బ్రతుకుటను లెక్కించు కాలము వచ్చినదని చెప్పుటకు ఇది మంచి గురుతు. 2024లో హరితహారమను పేరు మారి, కార్యక్రమమునకు వనమహోత్సవమను పాతపేరే మరల వచ్చెను. పేరేదైనను మొక్కకు తెలియదు; వేసవిలో నీరు వచ్చినదా లేదా అనునదియే దానికి తెలియును.

చట్టము శిక్షింపగలదు గాని బిందె మోయలేదు. ట్యాంకరు బాటప్రక్క మొక్కకు చేరును గాని సందులోని మొక్కకు చేరదు. కాబట్టి ప్రతి వాడకట్టు తన మొక్కలను తానే లెక్కించుకొనవలెను. ఎండకాలముననే మూరెడు లోతునకు తగ్గకుండ గుంట త్రవ్వి, చెరువుమట్టియు పెంటయెరువును నింపి, తొలకరికి నాటి, తుమ్మకంప చుట్టవలెను. మొదటి రెండు వేసవులలో వారమునకొకసారియైన నీరు పోయవలెను. మొక్క మొదట మట్టికుండను మెడవరకు పాతి నింపినచో నీరు మెల్లగా వేరునకు దిగును. పోసిన నీటిలో ఎండపాలగునది తక్కువ.

దీనికి గ్రంథాలయమునందే ఒక మాదిరి కలదు. పుస్తకము తీసికొన్నవారి పేరును తేదియు రిజిస్టరులో నెక్కును; తిరిగి రాకున్న అడుగువా డుండును. అట్లే ఊరిచెట్లకొక రిజిస్టరు పెట్టవచ్చును. మొక్క పేరు, నాటిన తేది, నీరుపోయు ఇంటివారి పేరు, వారు వలసపోయినచో వారి బదులు చూచువారి పేరు అందుండవలెను. ప్రతి ఉగాదికి ఊరివారు కూడి దానిని చదివి, బ్రతికినదానికి ఎదుట గీటు పెట్టవలెను. పండుగ చేయదలచినచో నాటిననాడు కాదు, ఆనాడు చేయుట మేలు.

1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1918లో నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథాలయమును స్థాపించిన పెద్దలు ప్రారంభోత్సవముతో తృప్తిపడి యింటికి పోయియున్నచో నేడు గ్రంథాలయోద్యమమను మాటయే యుండెడిది కాదు. చందాలు వసూలుచేసినవారు, చినిగిన పుస్తకములను కుట్టినవారు, ప్రతిసాయంకాలము తలుపు తీసి దీపము వెలిగించినవారు దానిని నిలిపిరి. వారిలో అనేకుల పేరులు ఏ శిలాఫలకము మీదను లేవు. ఒక గ్రామ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిండినదన్నచో అట్టివారు ఆ ఊరిలో ఉన్నారనియే అర్థము. ఆ ఊరి మొక్కలకును కావలసినవారు వారే.