నిమ్మమొక్క సాక్ష్యం

1930ల దశకంలో అర్జెంటీనా, బ్రెజిల్ దేశాలలో పుల్లనారింజ వేరుమూలంపై అంటుకట్టిన నారింజ చెట్లు లక్షలాదిగా ఎండిపోయాయి. ఆ తెగులుకు ‘ట్రిస్టెజా’ అని పేరు వచ్చింది. విషాదమని దాని అర్థం. పేనుబంక దానిని చెట్టునుండి చెట్టుకు చేరవేస్తుందని 1946లో మెనెఘిని నిరూపించాడు.

అయితే అసలు చిక్కు వేరొకటి. 1908లో ఫ్రాంక్ మేయర్ చైనానుండి అమెరికాకు తెచ్చిన నిమ్మరకం పచ్చగా కళకళలాడుతూనే ఆ వైరస్సును తనలో దాచుకొని ఉండేది. తనకు హాని లేకున్నా పొరుగు తోటలకు అది మృత్యువే. కంటిచూపుతో తెలియనిదానిని తెలుసుకొనుటెట్లు?

శాస్త్రజ్ఞులు అనుమానపు చెట్టు మొగ్గను లేత మెక్సికన్ నిమ్మమొక్కకు అంటుకట్టి వేచి చూచేవారు. వైరస్ ఉంటే లేతాకుల ఈనెలు అక్కడక్కడ రంగు వెలిసి పారదర్శకమవుతాయి. మిత్రులారా, ఆ సాక్షి మన కాగ్జీ నిమ్మ జాతిదే! వైరస్ సోకని మేయర్ నిమ్మను 1975లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం విడుదల చేసింది.