ఇరవై కిలోల ఎలిజబెత్: ఇన్సులిన్ రాకముందు పిల్లలు ఎలా బతికారు?

"చిన్నపిల్లకి షుగరేంటి? చాక్లెట్లు ఎక్కువ పెట్టారా?" పిల్లకి టైప్ వన్ డయాబెటిస్ అని తెలిసిన వారంలోనే అమ్మానాన్నలు ఈ మాట పదిసార్లు వింటారు. చాక్లెట్లకీ దీనికీ సంబంధం లేదండి. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున ప్యాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని చంపేస్తుంది. ఇన్సులిన్ లేకపోతే ఎంత తిన్నా ఒంటికి పట్టదు.

మరి ఇన్సులిన్ మందే లేని రోజుల్లో ఏం చేసేవాళ్లు? అమెరికాకి వెళ్దాం, 1919కి.

ఎలిజబెత్ హ్యూస్, పదకొండేళ్ల పిల్ల. నాన్న చార్లెస్ ఇవాన్స్ హ్యూస్ 1916లో ప్రెసిడెంట్ ఎన్నికల్లో కొద్దిలో ఓడిపోయాడు, తర్వాత విదేశాంగ మంత్రి అయ్యాడు. డబ్బుంది, పలుకుబడి ఉంది. ఈ జబ్బు ముందు అవేవీ పనిచేయలేదు.

ఫ్రెడరిక్ ఆలెన్ అనే పెద్ద డాక్టర్‌కి చూపించారు. ఆయన దగ్గరున్న వైద్యం ఒక్కటే, ఆకలి. తిండి బాగా తగ్గిస్తే రక్తంలో షుగర్ తగ్గుతుంది, ప్రాణం ఇంకొన్నాళ్లు నిలబడుతుంది. ప్రతి ముద్దా గ్రాముల్లో తూచేవాళ్లు. కూరగాయల్ని మూడుసార్లు ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి పెట్టేవాళ్లు. ఆలెన్ చూసిన ఒక పన్నెండేళ్ల కుర్రాడికి తిండి ఎంత తగ్గించినా షుగర్ తగ్గట్లేదు. ఏంటా అని చూస్తే, పెంపుడు పిట్టకి వేసే గింజలు, టూత్‌పేస్టు దొంగచాటుగా తింటున్నాడు! నాకైతే ఇది చదివాక చాలాసేపు ఏమీ తోచలేదు. ఆకలేస్తోందమ్మా అంటే వద్దు తల్లీ అనడమే అప్పట్లో పిల్లని కాపాడుకోవడం.

1921లో కెనడాలోని టొరంటోలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ కుక్కల మీద ప్రయోగాలు చేశారు. 1922 జనవరి 11న లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి మొదటి ఇంజెక్షన్. అది సరిగా పనిచేయలేదు. జేమ్స్ కొలిప్ ఆ మందుని ఇంకా శుద్ధి చేశాక, జనవరి 23న మళ్లీ ఇచ్చారు. ఈసారి షుగర్ దిగింది.

ఎలిజబెత్ వాళ్లమ్మ బాంటింగ్‌కి ఉత్తరం రాసింది. ఆగస్టులో పిల్ల టొరంటో చేరింది. పదిహేనేళ్లు నిండుతున్నాయి, బరువు మాత్రం ఇరవై కిలోలు. మన ఇళ్లల్లో ఆరేళ్ల పిల్ల ఉండే బరువది! బాంటింగ్ ఇన్సులిన్ మొదలుపెట్టి, బ్రెడ్డు, బంగాళాదుంపలు తినమన్నాడు. మూడేళ్లుగా నోట పెట్టనివి. దూరంగా ఉన్న అమ్మకి ఆ తిండి సంగతులన్నీ ఉత్తరాల్లో రాసేది. ఇంజెక్షన్ తనే చేసుకోవడం నేర్చుకుంది.

ఇప్పటికీ కొందరు ఆకు పసరుతో నయమైపోతుంది, ఇంజెక్షన్ ఆపేయండి అంటారు. టైప్ వన్ పిల్లకి ఇన్సులిన్ ఆపడమంటే 1919కి పంపడమే. అది కూడా కొన్ని రోజుల్లోనే ప్రాణం మీదకొస్తుంది.

ఎలిజబెత్ పెళ్లి చేసుకుంది, ముగ్గురు పిల్లల్ని కన్నది, 1981లో 73 ఏళ్లకి పోయింది. కానీ తన జబ్బు సంగతి జీవితమంతా దాదాపు అందరి దగ్గరా దాచింది. మన దగ్గరా ఆడపిల్లైతే రేపు పెళ్లికి ఇబ్బంది అని దాచేస్తారు. స్కూల్లో టీచర్‌కి కూడా చెప్పరు. మరి క్లాసులో షుగర్ పడిపోయి, చెమటలు పట్టి పిల్ల తూలుతుంటే, వెంటనే గ్లూకోజ్ ఇవ్వాలని అక్కడ ఎవరికి తెలుస్తుంది?