బోరు నీళ్ళలా పంచుకున్న నెట్టు

అనంతపురం నేల మీద పుట్టినవాళ్ళకు "వంతు" అనే మాటకు అర్థం చెప్పక్కర్లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన పడే ఇలాకా ఇది. ట్యాంకర్ వస్తే బిందెకు వంతు, బోరు ఆడితే మడికి వంతు. కొంచెమే ఉన్నదాన్ని ఝగడా లేకుండా పంచుకోవాలంటే రెండు కావాలి: ఇచ్చేవాళ్ళ ఇజాజత్, తీసుకునేవాళ్ళ హిసాబ్. ఫోన్లోని నెట్టును బ్లూటూత్ మీద ఇంకో మెషీన్‌కు ఇచ్చే సహూలత్ తారీఖ్ చూసినా ఈ రెండే కనిపిస్తాయి.

బ్లూటూత్ పని స్వీడన్‌లోని లుండ్ షహర్‌లో, ఎరిక్సన్ కంపెనీలో 1994లో మొదలైంది. ఫోనుకూ దాని సామానుకూ మధ్య వైరు లేకుండా చేయాలన్నదే అప్పటి మక్సద్. 1998లో ఎరిక్సన్, నోకియా, ఇంటెల్, ఐబీఎం, తోషిబా ఒక జమాత్‌గా కలిశాయి. పేరు మాత్రం 10వ శతాబ్దపు డెన్మార్క్ బాద్షా హెరాల్డ్ బ్లూటూత్‌ది. విడివిడిగా ఉన్న కబీలాలను ఆయన ఒక్కటి చేశాడని చెప్తారు కాబట్టి, వేర్వేరు మెషీన్లను కలిపే దీనికి ఆయన పేరు పెట్టారు.

నెట్టు పంచుకోవడం తర్వాత అతికించిన ముచ్చట కాదు. 1999లో వచ్చిన మొదటి నియమాల్లోనే ఫోనును మోడెమ్‌లా వాడే పద్ధతి ఉంది. కంప్యూటర్ బ్లూటూత్ మీద ఫోనుతో మాట్లాడి, *99# లాంటి నంబర్ డయల్ చేయించి నెట్టు ఎక్కేది. 2003లో ఇంకో పద్ధతి వచ్చింది. అందులో డయల్ చేసే పని లేదు, ఫోనే ఒక చిన్న నెట్‌వర్క్‌కు దర్వాజాగా నిలబడుతుంది. ఈరోజు మన ఫోన్లలో ఉన్న బ్లూటూత్ టెథరింగ్ ఆ రెండో పద్ధతే. మన ముల్క్‌లో 2005 జనవరిలో సర్కార్ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను తక్కువ పవర్ పరికరాలకు లైసెన్స్ లేకుండా వదిలింది. బ్లూటూత్, వైఫై రెండూ ఆ ఉమ్మడి బావిలోంచే తోడుకుంటాయి.

ఆ జమానాలో జీపీఆర్ఎస్ నెట్టు సెకనుకు 40 కిలోబిట్లు ఇస్తే గొప్ప. బ్లూటూత్ మాత్రం 700 కిలోబిట్ల దాకా మోయగలదు. అంటే గొట్టం పెద్దది, బోరులో నీళ్ళే తక్కువ. అందుకే బ్లూటూత్ నిదానం అన్న షికాయత్ అప్పుడు ఎవరికీ లేదు. ఐఫోన్‌లో కూడా 2009లో ముందు వచ్చింది బ్లూటూత్, కేబుల్ టెథరింగే. వైఫై హాట్‌స్పాట్ 2011లో వచ్చింది. 2016 సెప్టెంబర్లో జియో 4జి వచ్చాక హిసాబ్ తిరగబడింది. బోరు నిండా నీళ్ళు, గొట్టమే సన్నమైపోయింది. జనం హాట్‌స్పాట్ వైపు మళ్ళారు, బ్లూటూత్ టెథరింగ్ సెట్టింగుల్లో ఒక మూల మిగిలిపోయింది.

మిగిలినా బేకార్ కాలేదు. హాట్‌స్పాట్ కంటే దీనికి చార్జి తక్కువ ఖర్చవుతుంది. కరెంటు పోయిన రాత్రి, ఫోన్లో ఇరవై శాతమే ఉన్నప్పుడు ఆ ఫరక్ తెలుస్తుంది. ఇంకోటి, జోడీ కలపకుండా నెట్టు పారదు. మొదట్లో 0000 కొట్టి కలిపేవాళ్ళం. 2007లో వచ్చిన మార్పు తర్వాత రెండు తెరల మీద ఒకే అంకె చూసి, ఇద్దరూ సరే అనాలి. పాస్‌వర్డ్ చేతులు మారి మొహల్లా మొత్తం పాకే భయం లేదు.

దీని అసలు విలువ 2020లో బయటపడింది. బడులు మూతపడ్డాయి. సప్తగిరి చానల్లో బడి పాఠాలు వచ్చాయి కానీ కాలేజీ క్లాసులు, నోట్సులు, పరీక్ష ఫారాలు ఫోన్లోకే చేరాయి. ఒక్క స్మార్ట్‌ఫోనే ఉన్న ఇళ్ళలో అది అబ్బాతో పనికి పోయేది, లేదా భాయ్ చేతిలో ఉండేది. బేటీకి మిగిలింది ఇంతెజార్. ఆ కొరత ఇంకా తీరలేదు.

వీడియో క్లాసుకు బ్లూటూత్ చాలదు, నిజమే. కానీ నోట్స్ దించుకోవడానికి, ఫారం నింపడానికి, ఈమెయిల్ పంపడానికి సరిపోతుంది. పాత ల్యాప్‌టాప్ ఉంటే ముందు ఫోనుతో జోడీ కలపండి. తర్వాత ఫోన్ సెట్టింగుల్లో హాట్‌స్పాట్, టెథరింగ్ అన్న చోట బ్లూటూత్ టెథరింగ్ ఆన్ చేయండి. ల్యాప్‌టాప్‌లో ఆ ఫోను పేరు ఎంచుకుని నెట్టుకు కలపండి. పడోసీ ఫోనైతే అడిగి తీసుకోండి. అది వాళ్ళ డేటా, వాళ్ళ హక్కు. పనైపోయాక జోడీ తీసేయండి.

బోరు ఉన్న రైతు పక్క చేను ఎండుతుంటే ఒక తడి ఇవ్వడం ఈ సీమకు కొత్త కాదు. ఇంట్లో ఫోను ఎవరి చేతిలో ఉందో, ఆ తడి ఇవ్వాల్సిందీ వాళ్ళే. మొదటి వంతు చదువుకునే ఆడపిల్లకు రానివ్వండి.