కొండ గెడ్డ - రేవు పట్నం



విశాఖపట్నం అనగానే మనకు రేవు జ్ఞాపకం వస్తుంది, ఉక్కు కర్మాగారం జ్ఞాపకం వస్తుంది. ఆ పట్నానికి వెనుకనున్న కొండల సంగతి చాలామందికి పట్టదు. అనంతగిరి, అరకు, పాడేరు, చింతపల్లి - ఇవన్నీ తూర్పు కనుమలలోని సీమలు. ఈ కొండల నుంచి పట్నానికి ఏమి దిగిందో, పట్నం నుంచి కొండకు ఏమి ఎక్కిందో ఇవాళ లెక్క చూద్దాం. లెక్క తెలియని రైతుకు సేద్యం గిట్టదు గదా!

మొదట నీటి పద్దు. గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల సున్నపురాతి గుండా పారి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ నది మీద 1960లలో కట్టిన తాటిపూడి జలాశయం దిగువ పొలాలను తడుపుతుంది, నగరానికి తాగునీరు ఇస్తుంది. శారదా నది వైపు రైవాడ జలాశయమూ అంతే. కొండవాలు బోడిదైతే వాన నీరు నేలలో ఇంకదు. మట్టిని కోసుకొని ఒక్క ఊపున దిగి, జలాశయం అడుగున మేట వేస్తుంది. మీదనున్న కొండరైతు చేను, కిందనున్న పల్లపు రైతు మడి, పట్నంలోని కుళాయి - మూడింటికీ నీరు ఒక్కటే.

రెండవది ఖనిజాల పద్దు. విశాఖ రేవు 1933లో తెరిచారు. మధ్య పరగణాల మాంగనీసును ఓడ ఎక్కించడానికి, రాయపూర్-విజయనగరం రైలుదారి తోడుగా, ఆ రేవు ఏర్పడింది. తర్వాత 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడానికి కొత్తవలస-కిరండూల్ దారి వేశారు. ఆ దారి అరకు మీదుగానే పోతుంది. శిమిలిగుడ స్టేషను మూడు వేల అడుగులకు పైన ఉంది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. దానికీ బైలదిల్లా ఖనిజమే ఆధారమైంది. బండ్లు కొండవాని గుమ్మం ముందు నుంచే వెళ్లాయి. వాని ఇంట దిగిన సరుకు తక్కువ.

ఇక నేల పద్దు. నేను డిప్లొమా పూర్తిచేసి కొత్తగా కొండకు వెళ్లినప్పుడు, ఒక ముసలి రైతుకు పోడు వల్ల కలిగే నష్టాలు చదివిన పాఠంలా అప్పజెప్పాను. ఆయన ఓపికగా విని, "మా తాతకి గెడ్డ పక్కన పల్లం ఉండేది బాబూ. అప్పుకింద పోయింది. కొండెక్కక ఎక్కడికెళ్తాడు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు చరిత్రలో వెతకాలి.

పోడు అంటే చెట్టు కొట్టి, కాల్చి, ఆ బూడిద బలం మీద చోళ్లు, సామలు, కందులు, వలిసెలు పండించడం. రెండు మూడేళ్లు పండించి, ఆ చోటు చాలా ఏళ్లు బీడు పెట్టేవారు. అడవి మళ్లీ మొలిచేది, నేల మళ్లీ బలిసేది. 1839 చట్టంతో ఈ ప్రాంతం ఏజెంటు పాలనలోకి వచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత రిజర్వు అడవులు ఏర్పడి పోడుకు చోటు తగ్గింది. చోటు తగ్గితే బీడు కాలం తగ్గింది; బీడు కాలం తగ్గితే మట్టి కొట్టుకుపోయింది. అడవి ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి - ఈ రెండు బాధలూ 1922-24 మన్యం తిరుగుబాటుకు కారణాలయ్యాయి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడిచేసింది.

చట్టాలు లేకపోలేదు. 1917 చట్టం ఏడాదికి నూటికి 24 రూపాయలకు మించి వడ్డీ పనికిరాదన్నది. ఏజెంటు అనుమతి లేనిదే గిరిజనుని భూమి బయటివారికి చెల్లదన్నది. 1959లో వచ్చిన భూబదలాయింపు నిబంధనలను 1970లో మరింత బిగించారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ చింతపండు, తేనె, అడ్డాకు, కరక్కాయ వంటివి కొని, సంతలో సాహుకారు ఒక్కడే ధర చెప్పే పద్ధతికి అడ్డు నిలిచింది. 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పులో, షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వరాదని చెప్పింది. 2006 అటవీహక్కుల చట్టం సాగులో ఉన్న భూమికి పట్టా దారి చూపింది. కాని చట్టం కాగితం మీద ఉంటే చాలదు. రైతు చేతికి రావాలి.

మరి కాఫీ సంగతి? అటవీశాఖ 1960లలో ఇక్కడ తోటలు వేసింది. తర్వాత గిరిజన కుటుంబాలు స్వంతంగా పెంచసాగాయి. నేడు ఈ కొండల్లో లక్ష ఎకరాలకు పైగా కాఫీ ఉంది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దొరికింది. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్టుకే మిరియపు తీగ. ఏటా దున్ననక్కరలేదు, వేళ్లు మట్టిని పట్టుకుంటాయి, రాలిన ఆకు వాన దెబ్బ కాస్తుంది. పోడు వల్ల బోడులైన వాలులకు ఇది మంచి కప్పు.

అయితే, సోదరులారా, కాఫీ గింజ కడుపు నింపదు. ధర ఒక ఏడు ఎక్కుతుంది, ఒక ఏడు దిగుతుంది. అందుచేత ఉన్న భూమంతా ఒక్క పంటకే ఇవ్వకండి. ఇంటికి సరిపడా చోళ్లు, కందులు వేసుకోండి. పండిన పండే ఏరి, కడిగి, శుభ్రంగా ఆరబెట్టండి. పచ్చికాయ కలిస్తే ధర పడిపోతుంది. తూకం మీ కళ్లెదుట వేయించుకోండి, చీటీ అడగండి.

తోటి ఉద్యోగులకు ఒక్క మాట. పాఠం చెప్పబోయే ముందు ఆ రైతు పల్లం ఏమైందో అడగండి. పట్టా ఉన్నదీ లేనిదీ చూడండి. తనది కాని వాలుకు ఎవరు గట్టు వేస్తారు, పదేళ్ల చెట్టు ఎవరు నాటుతారు?

ఆ ముసలాయన వాలులో ఇప్పుడు నీడచెట్లు లేచాయి. వాన వెలిసిన తరువాత దాని కిందనున్న గెడ్డలో నీరు తేటగా పారుతుంది. ఆ నీరు పట్నం దాకా వస్తుంది. కొండకు మనం పడ్డ బాకీ ఎంతో ఆ నీరే చెబుతుంది.