బొమ్మ వస్తుంది, సౌండ్ రాదు: వీడియో ఫైల్ వెనకున్న ముప్పై ఏళ్ల కథ

ఇవాళ ఫోన్‌లోకి ఏ వీడియో వచ్చినా వేలితో అలా తాకితే చాలు, ప్లే అయిపోతుంది. కానీ ఓ ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్తే కంప్యూటర్‌లో పరిస్థితి ఇలా లేదు. ఎవరో సీడీలో సినిమా కాపీ చేసిస్తే, ఒకసారి బొమ్మ వచ్చేది, సౌండ్ వచ్చేది కాదు. ఇంకోసారి సౌండ్ వచ్చేది, తెర మాత్రం నల్లగా ఉండేది. పోనీ ఫైల్ పాడైందా అంటే, అదీ కాదు. మరి తప్పు ఎక్కడుంది? ఈ ఎపిసోడ్ అంతా దాని గురించే.

ముందు ఒక మాట అర్థం చేసుకుందాం. వీడియో ఫైల్ అంటే టిఫిన్ క్యారియర్ లాంటిది. అందులో బొమ్మ ఉంటుంది, సౌండ్ ఉంటుంది, ఒక్కోసారి సబ్‌టైటిల్స్ కూడా ఉంటాయి. ఫైల్ పేరు చివర ఏవీఐ, ఎంకేవీ, ఎంపీ4 అని ఉంటుంది కదా, అది క్యారియర్ పేరు. లోపల ఏ వంట ఉందో అది పూర్తిగా చెప్పదు. బొమ్మను, సౌండ్‌ను కుదించి పెట్టే పద్ధతిని కోడెక్ అంటారు. అసలు వంట అదీ. కాకపోతే ఇక్కడ వేరువేరు గిన్నెలు ఉండవు. ఒక ముద్ద బొమ్మ, ఒక ముద్ద సౌండ్, మళ్లీ ఒక ముద్ద బొమ్మ, ఇలా వరసగా పేర్చి ఉంటాయి.

కాబట్టి ప్లే అవ్వాలంటే ముగ్గురు పనివాళ్లు కావాలి. ఆ ముద్దల్ని విడదీసేది స్ప్లిట్టర్. కుదించినదాన్ని విప్పేది డీకోడర్. తెరకూ స్పీకర్‌కూ అందించేది రెండరర్. ఈ ముగ్గురిలో ఒక్కరు రాకపోయినా షో ఆగిపోతుంది. సౌండ్ డీకోడర్ లేకపోతే మూగ సినిమా చూడాల్సిందే!

ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం. 1991 డిసెంబర్‌లో యాపిల్ క్విక్‌టైమ్ తెచ్చింది. దానికి పోటీగా మైక్రోసాఫ్ట్ 1992 నవంబర్‌లో వీడియో ఫర్ విండోస్‌తో పాటు ఏవీఐ ఫైల్‌ను తెచ్చింది. 1996లో యాక్టివ్‌మూవీ వచ్చింది, తర్వాత దాని పేరే డైరెక్ట్‌షో అయింది. స్ప్లిట్టర్, డీకోడర్, రెండరర్ విడివిడి ముక్కలుగా ఉంటాయి, వాటిని గొలుసులా కలిపి వీడియో నడిపించడమే దీని పద్ధతి. ఎవరైనా కొత్త ముక్క రాసి చేర్చవచ్చు. మంచి ఆలోచనే. కానీ తలనొప్పి కూడా అక్కడే మొదలైంది.

ఆ రోజుల్లో మన ఇళ్లల్లో వీసీడీలు ఉండేవి, గుర్తుందా? మీకు గుర్తు లేకపోతే ఇంట్లో అన్నయ్యనో అక్కనో అడగండి. ఒక డిస్కులో 74 నిమిషాల వీడియో పట్టేది. రెండున్నర గంటల తెలుగు సినిమాకి రెండు మూడు డిస్కులు మార్చాల్సి వచ్చేది. మరి సినిమా మొత్తం ఒకే సీడీలో పట్టాలంటే?

దానికి దారి ఫ్రాన్స్ నుంచి వచ్చింది. మైక్రోసాఫ్ట్ దగ్గర ఎంపెగ్-4 కోడెక్ ఒకటి ఉంది. బాగా కుదిస్తుంది, కానీ దాన్ని తమ ఏఎస్ఎఫ్ ఫైళ్లకే పరిమితం చేశారు. జెరోమ్ రోటా అనే ఫ్రెంచ్ కుర్రాడు ఆ కోడెక్‌ను మార్చి ఏవీఐలోనూ పనిచేసేలా చేశాడు. అదే డివ్ఎక్స్. తర్వాత ఆయన వాళ్లు కంపెనీ పెట్టి, 2001లో ఓపెన్‌డివ్ఎక్స్ పేరుతో కోడ్ బయటపెట్టారు. కొన్నాళ్లకే ఆ తలుపు మూసేశారు. అప్పుడు బయట ఉన్న ప్రోగ్రామర్లు ఆ కోడ్‌నే పట్టుకుని ఎక్స్‌విడ్ మొదలుపెట్టారు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి చూడండి, డివ్ఎక్స్‌ని తిరగేస్తే ఎక్స్‌విడ్!

ఇక కోడెక్‌లు పెరిగాయి, వాటితో పాటే గందరగోళం పెరిగింది. జనం కోడెక్ ప్యాక్‌ల మీద ప్యాక్‌లు వేసుకున్నారు. డైరెక్ట్‌షోలో ప్రతి ముక్కకీ ఒక ప్రాధాన్య సంఖ్య ఉంటుంది, ఎక్కువ సంఖ్య ఉన్నదాన్నే ముందు పిలుస్తుంది. దాంతో ప్రతి ప్యాకూ నేను ముందంటే నేను ముందని ఎగబడింది. నిన్నటిదాకా ఆడిన సినిమా ఇవాళ ఆడదు! దీన్ని మోసగాళ్లు కూడా వాడుకున్నారు. 2005 చివర్లో బయటపడిన జ్లాబ్ అనే ట్రోజన్, వీడియో చూడాలంటే ఈ కోడెక్ కావాలంటూ కంప్యూటర్లలోకి దూరింది.

మరోవైపు ఏవీఐకి వయసైపోయింది. సబ్‌టైటిల్స్, చాప్టర్లు లాంటివి దానిలో సరిగ్గా ఇమడవు. అందుకే 2002 డిసెంబర్‌లో మట్రోస్కా వచ్చింది. ఒకదాంట్లో ఒకటి ఇమిడే రష్యన్ బొమ్మల పేరు అది. మనం చూసే ఎంకేవీ ఇదే. ఎన్ని భాషల సౌండ్ అయినా, ఎన్ని సబ్‌టైటిల్స్ అయినా ఒకే ఫైల్‌లో పెట్టుకోవచ్చు. కానీ విండోస్‌కి దాన్ని విప్పడం తెలీదు. హాలీ మీడియా స్ప్లిట్టర్, ఎఫ్ఎఫ్‌డీషో లాంటివి విడిగా వేసుకోవాల్సి వచ్చేది. విండోస్ తనంతట తాను ఎంకేవీ ఆడించింది 2015లో, విండోస్ 10తో.

అప్పటిదాకా ఆగలేని జనాన్ని ఆదుకుంది ఆరెంజ్ కోన్. 1996లో ఎకోల్ సెంట్రల్ పారిస్ విద్యార్థులు కాలేజీ నెట్‌వర్క్‌లో వీడియో పంపడానికి మొదలుపెట్టిన ప్రాజెక్ట్ అది. 2001లో దాన్ని అందరికీ ఉచితంగా, కోడ్‌తో సహా ఇచ్చేశారు. అదే వీఎల్‌సీ. ముగ్గురు పనివాళ్లనీ తనతోనే తెచ్చుకుంటుంది, బయట కోడెక్‌లు అడగదు. అందులో చాలా డీకోడర్లు ఎఫ్ఎఫ్ఎంపెగ్‌వి. 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన ఆ ప్రాజెక్ట్ ఇవాళ క్రోమ్ బ్రౌజర్ లోపల కూడా ఉంది.

సరే, ఈ పాత గోల మనకెందుకు అంటారా? ఇండియో అనే కోడెక్ సంగతి చూడండి. 90లలో ఎన్నో సీడీల్లో అదే ఉండేది. భద్రతా లోపాల వల్ల మైక్రోసాఫ్ట్ 2009లో దాన్ని చాలావరకు ఆపేసింది. అయినా ఆ వీడియోలు ఇప్పటికీ చూడొచ్చు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాళ్లు వాటిని విప్పే కోడ్ రాసి ఉంచారు కాబట్టి. అంటే ఒక కంపెనీ వదిలేసిన తర్వాత కూడా మీ ఫైల్ బతకాలంటే, దాన్ని విప్పే పద్ధతి ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి. మట్రోస్కా వివరాలు 2024లో ఆర్ఎఫ్‌సీ 9559గా అధికారికంగా అచ్చయ్యాయి, ఎవరైనా చదువుకోవచ్చు. గూగుల్ 2010లో తెచ్చిన వెబ్ఎం కూడా మట్రోస్కా పునాది మీద కట్టిందే.

మీ ఇంట్లో బీరువాలో పాత పెళ్లి సీడీ ఉంటే ఇవాళే బయటికి తీయండి. డిస్కులు శాశ్వతం కాదు. అందులో డాట్ అనే ఫైల్ ఉంటుంది, కాపీ చేసి వీఎల్‌సీలో తెరిచి చూడండి. ఫైల్ పేరు చివర ఎంపీ4 అని మార్చినంత మాత్రాన ఏమీ మారదు, క్యారియర్ మీద స్టిక్కర్ మార్చినట్టే. క్యారియర్ మాత్రం మారిస్తే క్వాలిటీ తగ్గదు, వంట మళ్లీ వండితేనే కాస్త తగ్గుతుంది. అందుకే ఏం మార్చినా అసలు ఫైల్‌ను మాత్రం డిలీట్ చేయకండి.