తుల్యం

తుల అంటే త్రాసు. త్రాసులో పెడితే సరితూగేది తుల్యం. తిరుమలలో తులాభారం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు: తక్కెడలో ఒకవైపు పసిబిడ్డ, రెండోవైపు బెల్లమో, పటికబెల్లమో, చిల్లర నాణేలో.

తెలుగులో ఈ మాట ఒంటరిగా రావడం అరుదు. ‘ఆయన నాకు పితృతుల్యులు’, ‘ఆ అవమానం మరణతుల్యం’ అని ఇంకో మాటను ఆనుకునే వస్తుంది. ఏ కాటాకీ అందని వాటినే ఎక్కువగా తూస్తుంది, అదే దీని గొప్ప.

బంగారం తులమూ ఈ ఇంటిదే. పాత లెక్కలో సుమారు 11.66 గ్రాములు, ఇప్పుడు కొట్లలో 10 గ్రాములనే తులం అంటున్నారు.

నాకు మరీ ఇష్టం ‘తులతూగు’. సంస్కృత తులకు తెలుగు తూగు జతపడింది. ‘సిరిసంపదలతో తులతూగుతున్నారు’ అంటే పోలిక ఊసే లేదు, నిండుదనమే.