జడవాయు పరమాణువుల ఉత్తేజిత స్థితులు - ఫోటోఎలక్ట్రాన్ వర్ణపట అధ్యయనం

ఫోటోఎలక్ట్రాన్ వర్ణపటశాస్త్రం అనగా కాంతి తాకినప్పుడు పరమాణువు నుండి వెలువడే ఎలక్ట్రాన్ల గతిజశక్తిని కొలిచి, ఆ పరమాణువులోని శక్తిస్థాయిలను తెలుసుకొనే పద్ధతి. హీలియం, నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్, జినాన్ వంటి జడవాయువుల ఉత్తేజిత స్థితుల అధ్యయనానికి ఇది ఎంతో ఉపకరిస్తుంది. 'జడ' అన్న పేరు ఈ పరమాణువుల భూస్థాయికే తగినది. ఉత్తేజితమైనప్పుడు ఇవి చాలా చురుకుగా వ్యవహరిస్తాయి.

చరిత్ర

జడవాయువుల ఉత్తేజిత స్థితుల కథలో ఆంధ్రదేశానికి చోటు ఉంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ గుంటూరు నుండి, మద్రాసు వేధశాలకు చెందిన నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం నుండి వర్ణపటదర్శినితో పరిశీలించారు. సూర్యబింబం అంచున లేచే జ్వాలల వర్ణపటంలో ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. వాటిలోని పసుపు గీత సోడియం గీతలకు చేరువగా ఉన్నా వాటితో ఏకీభవించదని తరువాత స్పష్టమైంది. అదే సంవత్సరం అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా ఈ గీతను పరిశీలించాడు. దానికి కారణమైన మూలకానికి హీలియం అని పేరు వచ్చింది. 1895లో విలియం రామ్సే భూమిపై దొరికిన ఖనిజం నుండి హీలియంను వేరుచేశాడు.

587.6 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఈ పసుపు గీత హీలియం భూస్థాయికి సంబంధించినది కాదు. భూస్థాయికి 23.07 ఎలక్ట్రాన్ వోల్టుల (ఎ.వో.) ఎత్తున ఉన్న ఒక ఉత్తేజిత స్థితి నుండి 20.96 ఎ.వో. ఎత్తున ఉన్న మరొక ఉత్తేజిత స్థితికి ఎలక్ట్రాన్ దిగినప్పుడు ఇది వెలువడుతుంది. అంటే హీలియం శాస్త్రజ్ఞులకు మొదట పరిచయమైనది ఉత్తేజిత స్థితిలోనే.

సూత్రం

ఉద్గార వర్ణపటంలోని గీత రెండు స్థాయిల మధ్య తేడాను మాత్రమే చెబుతుంది. ఫోటోఎలక్ట్రాన్ పద్ధతిలో, ఎలక్ట్రాన్‌ను బయటకు లాగడానికి ఎంత శక్తి కావాలో నేరుగా తెలుస్తుంది. దీనికి ఆధారం 1905లో ఐన్‌స్టీన్ ఇచ్చిన కాంతి విద్యుత్ ఫలిత వివరణ. ఫోటాన్ శక్తి నుండి బంధన శక్తిని తీసివేస్తే మిగిలేది ఎలక్ట్రాన్ గతిజశక్తి.

1960ల తొలినాళ్లలో లెనిన్‌గ్రాడ్‌లో విలెసోవ్ బృందం, లండన్‌లో డేవిడ్ టర్నర్ బృందం ఈ పద్ధతిని వాయువులకు వర్తింపజేశాయి. ఎక్స్-కిరణాలతో దీనిని అభివృద్ధి చేసిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు కై సీగ్‌బాన్‌కు 1981లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది. టర్నర్ వాడిన కాంతి హీలియం దీపానిదే. ఉత్తేజిత హీలియం భూస్థాయికి దిగినప్పుడు 21.22 ఎ.వో. శక్తిగల ఫోటాన్ వెలువడుతుంది. ఈ కాంతి ఆర్గాన్‌పై పడితే 5.46, 5.28 ఎ.వో. గతిజశక్తి గల రెండు ఎలక్ట్రాన్ గుంపులు కనిపిస్తాయి.

ఉత్తేజిత పరమాణువుల అయనీకరణ

కొన్ని ఉత్తేజిత స్థితులు కాంతిని వెదజల్లి వెంటనే కిందికి దిగలేవు. వీటిని మెటాస్టేబుల్ స్థితులు అంటారు. హీలియంలోని ఇటువంటి స్థితి, ఢీకొనే అవకాశం లేకపోతే, సగటున రెండు గంటలకు పైగా నిలుస్తుంది. వాయువులో విద్యుత్ ఉత్సర్గం జరిపి ఈ పరమాణువులను తయారుచేసి, వాటిపై లేజర్ కాంతిని ప్రసరింపజేస్తారు. వాయువు, భూస్థాయి నుండి అయనీకరణ శక్తి, అతి తక్కువ మెటాస్టేబుల్ స్థితి, అక్కడి నుండి కావలసిన శక్తి (ఎ.వో.లలో) ఇలా ఉంటాయి:

* హీలియం: 24.59, 19.82, 4.8
* నియాన్: 21.56, 16.62, 4.9
* ఆర్గాన్: 15.76, 11.55, 4.2
* క్రిప్టాన్: 14.00, 9.92, 4.1
* జినాన్: 12.13, 8.32, 3.8

చివరి అంకెలు క్షార లోహాల అయనీకరణ శక్తులకు దగ్గరగా ఉన్నాయి. ఉదాహరణకు పొటాషియంకు 4.34, సీజియంకు 3.89 ఎ.వో. కావాలి. 266 నానోమీటర్ల లేజర్ ఫోటాన్ శక్తి 4.66 ఎ.వో. ఒక్క ఫోటాన్‌తో అది భూస్థాయి ఆర్గాన్‌ను అయనీకరించలేదు, కానీ మెటాస్టేబుల్ ఆర్గాన్ నుండి సుమారు 0.45 ఎ.వో. గతిజశక్తితో ఎలక్ట్రాన్‌ను వెలువరించగలదు. అందువలన ఆ ఎలక్ట్రాన్ ఉత్తేజిత పరమాణువు నుండే వచ్చిందని చెప్పవచ్చు.

స్వయం అయనీకరణ

హీలియంలోని రెండు ఎలక్ట్రాన్లూ ఒకేసారి ఉత్తేజితం కావచ్చు. అటువంటి ఒక స్థితి 60.15 ఎ.వో. వద్ద ఉంది. 1963లో అమెరికాలో మాడెన్, కోడ్లింగ్ సింక్రోట్రాన్ కాంతితో దీనిని శోషణ వర్ణపటంలో చూపారు. ఈ స్థితి అయనీకరణ హద్దుకు పైన ఉన్నందున, ఒక ఎలక్ట్రాన్ కిందికి దిగి, రెండవది సుమారు 35.6 ఎ.వో. గతిజశక్తితో వెలువడుతుంది. ఈ గీతల అసమాన ఆకారాన్ని ఉగో ఫానో 1961లో సిద్ధాంతపరంగా వివరించాడు.

ప్రాముఖ్యం

ఉత్తేజిత స్థితులను లెక్కలోకి తీసుకోకపోతే కొలతలే తప్పుదారి పట్టవచ్చు. 2010లో జర్మనీలో ఫెరెంక్ క్రౌజ్ బృందం నియాన్‌లోని 2ఎస్, 2పి ఎలక్ట్రాన్లు వెలువడడంలో 21 అట్టోసెకన్ల తేడా ఉందని ప్రకటించింది. అట్టోసెకను అనగా సెకనులో వందకోట్ల వంతులో మళ్ళీ వందకోట్ల వంతు. సిద్ధాంత గణనలు ఇంతకంటే చాలా తక్కువ తేడాను సూచించాయి. 2017లో స్వీడన్‌లోని లుండ్‌లో ఆన్ లూయిలియే బృందం ఎలక్ట్రాన్ల శక్తిని మరింత సూక్ష్మంగా వేరుచేసింది. ఒక 2పి ఎలక్ట్రాన్ వెలువడే సమయంలోనే మరొక ఎలక్ట్రాన్ పై స్థాయికి ఎగిరి, ఉత్తేజిత నియాన్ అయాన్ ఏర్పడుతుంది. ఇలా వచ్చిన ఎలక్ట్రాన్ల సంకేతం 2ఎస్ సంకేతానికి పక్కనే కనిపించింది. దానిని విడదీసి కొలిచినప్పుడు ఫలితం సిద్ధాంతంతో సరిపోయింది. మునుపటి కొలతలో ఈ రెండూ కలిసిపోయి ఉండవచ్చని బృందం వివరించింది. క్రౌజ్, లూయిలియేలతో పాటు పియర్ అగొస్తినీకి 2023లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.